పురికొస చెప్పని సంగతి

ఆదాము నిమిషం కుదురుగా కూర్చోలేడు. అన్నం ముందు కూర్చున్నా మోకాలు ఆడుతూనే ఉంటుంది. ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుంటే అతని బొటనవేలు మాత్రం చూపుడువేలి మీద ఏదో మర తిప్పుతూ ఉంటుంది. "మనిషి కాదమ్మా, ఇంజిను. ఆపితే మల్ల స్టార్టవనని బయం కామోసు" అంటుంది భార్య ఏసమ్మ, ఊడ్పులకి కలిసి వెళ్లే ఆడవాళ్లతో. వాళ్లు నవ్వుతారు. ఆమె నవ్వదు. ఆ కుదురులేనితనం ఎక్కడి నుంచి వస్తున్నదో ఆమెకి తెలుసు.

పదకొండేళ్లుగా అతను బొబ్బిలి బస్టాండు దగ్గర నారాయణమూర్తి షెడ్డులో మెకానిక్కు. అంతకు ముందు మిషను ఆసుపత్రి తోటలో నీళ్లు తోడే ఆయిలింజిను చూసేవాడు. ఆ ఇంజిను మూలుగు విని ఏ మర వదులైందో చెప్పేవాడు. ఆ సంగతి విని నారాయణమూర్తి పిలిచాడు. మూర్తికి షెడ్డుంది, పనిముట్లున్నాయి, పెద్దవాళ్ల పరిచయాలున్నాయి. లేనిదల్లా పని తెలిసిన చెయ్యి. ఆ చెయ్యి ఆదాముది.

1968 నాటికి ఆ చుట్టుపక్కల మోటారు సైకిళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇద్దరు ముగ్గురు భూస్వాములు, ఒక కంట్రాక్టరు, ఫారెస్టు రేంజరు, మశూచికం టీకాలు వేసే ఉద్యోగి. అందరి బళ్లూ మూర్తి షెడ్డుకే వచ్చేవి. ఆదాము వాటి కిందికి దూరేవాడు, వాటిని విప్పేవాడు, కడిగేవాడు, బిగించేవాడు. సీటు ఊడదీసి, తుడిచి, మళ్లీ బిగించేవాడు. దాని మీద కూర్చోవడం మాత్రం లేదు.

ఈ మాట ఏ బోర్డు మీదా రాసి లేదు. చేరిన మొదటి వారంలో ఒక బండి బాగుచేసి, తోలి చూద్దామని కాలెత్తాడు. మూర్తి గల్లా దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చాడు. "ఒరే ఒరే, దిగు. ఆ బండి ఎవరిదనుకున్నావు? మాలపేట వాడు కూర్చున్న సీటని తెలిస్తే ఆయన బండి తీసుకెళ్తాడా? నా షెడ్డు తగలెడతాడు" అన్నాడు. తిట్టలేదు, కొట్టలేదు. మెల్లగా, మంచికి చెబుతున్నట్టే చెప్పాడు. మనదేశంలో ఇలాంటివన్నీ మంచికి చెబుతున్నట్టే చెబుతారు. బండిని నడిపించుకుంటూ తీసుకెళ్లొచ్చు. ఇంజిను వేసి, గేరులో పెట్టి, క్లచ్చి పట్టుకుని పక్కన నడవొచ్చు. ఎక్కకూడదు. అంటు మనిషి చేతిలో ఉండదు, ఎక్కడో వెనకాల ఉంటుందన్నమాట.

అందుకని ట్రయలు ఎప్పుడూ మూర్తే వేసేవాడు. స్థూలకాయుడు. పంచె ఎగగట్టి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఎద్దుబండి పోయేటంత మెల్లగా రైలు గేటు దాకా వెళ్లి, పట్టాలు దాటి, తిరిగొచ్చేవాడు. వచ్చి ప్రతిసారీ ఒకటే మాట: "పూలరథంరా ఆదామూ!"

ఇంజినుకి ఈ ట్రయలు సరిపోయేది. దాని రోగం చెవికి తెలుస్తుంది. ముందు కాళ్లతోనే పేచీ. ముందు చక్రానికి అటొకటి ఇటొకటి ఉండే ఆ రెండు గొట్టాలని షెడ్డులో ముందు కాళ్లనేవారు. లోపల స్ప్రింగు, దానికి తోడు నూనె. చక్రం గోతిలో పడితే ఆ కాళ్లు కుంగుతాయి, మళ్లీ లేస్తాయి. ఎంత కుంగాయో, ఎలా లేచాయో హ్యాండిలు పట్టుకుని ఉన్నవాడికి తెలుస్తుంది. పక్కన నిలబడ్డవాడికి తెలియదు. "ఎలగుంది బాబూ?" అని అడిగితే మూర్తి దగ్గర పూలరథం తప్ప ఇంకో జవాబు లేదు.

ఆదాము ఒక ఉపాయం కనిపెట్టాడు. గోగునార పురికొస తెచ్చి రెండు కాళ్లకీ, పైనున్న రేకు తొడుగు అంచుకి సరిగ్గా కింద, బిగుతుగా చుట్టేవాడు. కాళ్లు కుంగినప్పుడు తొడుగు అంచు పురికొసని కిందికి నెడుతుంది. లేచినప్పుడు తొడుగు పైకి పోతుంది గాని పురికొస నెట్టినచోటే ఉండిపోతుంది. మూర్తి ట్రయలు వేసి వచ్చాక ఆదాము వంగి, తొడుగుకీ పురికొసకీ మధ్య వేళ్లు పెట్టి చూసేవాడు. మూడు వేళ్ల వెడల్పు దిగితే కాళ్లు బాగా పనిచేస్తున్నట్టు. దిగకపోతే బిగుసుకున్నట్టు. అప్పుడు నూనెలో కాస్త కిరసనాయిలు కలిపి పల్చన చేసేవాడు. మళ్లీ ట్రయలు. మూడు వేళ్లు వచ్చేదాకా అంతే.

నూనె కొలవడానికి ఒక గాజు గ్లాసుండేది. అది తాయారు టీ కొట్టుది. కొట్టు బయట అరుగు మీద బోర్లించి, "నీ గ్లాసు నువ్వే కడుక్కో ఆదామూ" అని వేరేగా పెట్టింది. ఒకరోజు అతను దాన్ని తీసుకొచ్చేశాడు.

"ఓలమ్మ, నా గ్లాసేదిరా?" అని అరిచింది తాయారు.

"నాదన్నావు కదప్పా, నా పనికే వాడుకుంతన్నాను."

"మరి టీ దేన్లో తాగుతావు?"

"టీ మానేసినాను."

నిజంగానే మానేశాడు. ఎడమ కాలికి ఎంత పోస్తే కుడి కాలికీ అంతే పొయ్యాలి. ఒక కాల్లో ఎక్కువా, ఒక కాల్లో తక్కువా అయితే బండి నడక చెడుతుంది. ఆ గ్లాసుకి సున్నంతో గీత పెట్టుకుని చుక్క తేడా రాకుండా పోసేవాడు.

ఆ ఏడు వానలు వెనకబట్టాక రోడ్లు గోతులు పడిపోయాయి. అదే ఏడు ఏజెన్సీ వైపు గిరిజనులు సంఘాలు కట్టుకుంటున్నారనీ, మైదానంలో పాలేర్లు కూడా కూలి పెంచకపోతే కోతలకి దిగేది లేదంటున్నారనీ కబుర్లు. బొబ్బిలికి ఐదు మైళ్ల అవతల ఊళ్లో నరసింగరావు అనే భూస్వామికి నిద్ర కరువైంది. ఎక్కడ నలుగురు గుమిగూడారని విన్నా మోటారు సైకిలు మీద అక్కడ వాలేవాడు. అలా తిరుగుతూ ఒక నెలలో రెండుసార్లు పడ్డాడు. మొదటిసారి మోచెయ్యి చెక్కుకుపోయింది. రెండోసారి వాగు గట్టు మీద నుంచి కిందికి పోయి, తన కళ్లం దగ్గర తన కూలీలే చూస్తుండగా బురదలో కూలబడ్డాడు. దెబ్బ కంటే అదే ఎక్కువ మండింది.

రెండుసార్లూ బండి మూర్తి షెడ్డుకే వచ్చింది. రెండుసార్లూ ఆదాము ముందు కాళ్లు విప్పి బాగుచేశాడు. మూడోసారి కూడా పడ్డాక నరసింగరావే బస్సులో వచ్చాడు. వెనకాల అతని పాలేరు సోములు బండిని ఐదు మైళ్లూ తోసుకుంటూ వచ్చాడు. సోముల్దీ ఆదాము పేటే. వాళ్లు గుడి, వీళ్లు చర్చి. వరస మాత్రం బావా బావమరదులు.

"మూర్తీ, నీ మెకానిక్కుని పిలు" అన్నాడు నరసింగరావు, ఎదురుగా ఉన్న ఆదాముని చూడకుండా. "ఒరే, నా బండికి ఏటి సేస్తన్నావురా నువ్వు? బాగుసేస్తన్నావా, సంఘపోల్లతో కలిసి నన్ను సంపుదావని సూస్తన్నావా?"

"అదేటి బాబూ, అంత మాట..." అన్నాడు ఆదాము.

"ఎల్లుండి పొద్దున్న పది గంటలకి వస్తాను. బండి తీసుకెల్తాను. ఇంకొక్కసారి నన్నిది ఇసిరేసిందా, ఈడు షెడ్డులో ఉండకూడదు మూర్తీ. ఈడుంటే నా బండే కాదు, మావోల్ల బల్లేవీ నీ గడప తొక్కవు. ఆలోసించుకో."

మూర్తికి ఆలోచించాల్సింది ఏముంది? నరసింగరావు వెళ్లగానే, "విన్నావుగా. పదకొండేళ్ల నుంచి ఉన్నావు, నాకూ బాధే. కానీ నేనేం చెయ్యను?" అని పడక్కుర్చీలో వాలాడు.

ఆదాము ఇంజిను కింద దుంగ పెట్టి ముందు చక్రం లేపాడు. చక్రం తీశాడు. కింది మరలు విప్పి నూనె వొంపాడు. స్ప్రింగులు రెండూ పక్కపక్కన నిలబెట్టి చూశాడు, వెంట్రుకవాసి తేడా లేదు. లోపలి గొట్టాలని అద్దంపలక మీద దొర్లించాడు. ఎక్కడా వంపు లేదు, ఆడలేదు. నూనె బయటికి కారకుండా ఆపే సీళ్లు ఈమధ్యే మార్చినవి, పొడిగా ఉన్నాయి. ఎప్పటిలా పల్చన చేసిన నూనె తన గ్లాసుతో రెండు కాళ్లకీ సమానంగా పోశాడు. చక్రం ఎక్కించాక ఇరుసు బిగించకుండా ముందు హ్యాండిలు పట్టుకుని నాలుగుసార్లు కిందికీ పైకీ నొక్కాడు. కాళ్లు రెండూ తమంతట తాము సర్దుకున్నాకే బిగించాడు. ఇవేవీ మరిచేవాడు కాదు. పురికొస చుట్టాడు. మూర్తి రైలు గేటు దాకా వెళ్లి వచ్చాడు.

"పూలరథంరా."

పురికొస కూడా సరిగ్గా మూడు వేళ్లు దిగింది.

పనిలో తప్పు లేనప్పుడు మనిషికి నెమ్మది కలగాలి. ఆదాముకి ఒంట్లో చీమలు పాకినట్టుంది. షెడ్డులో ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాడు. బండి చుట్టూ తిరిగాడు. స్పానరు తీశాడు, పెట్టేశాడు.

"మూర్తిగారూ, ఒక్కపాలి సాలూరు రోడ్డులో, ఆ కలవట్టు దాటినాక గోతుల్లో బేగి తోలి సూడండి బాబూ."

"గోతుల్లో వేగంగానా? నా మీద నీకేమైనా కోపం ఉంటే చెప్పు నాయనా, జీతం పెంచుతాను" అన్నాడు మూర్తి, కళ్లు తెరవకుండా.

సోములు గుమ్మం దగ్గర కూర్చుని చుట్ట చుట్టుకుంటున్నాడు. ఆదాము వెళ్లి అతని ముందు గొంతుక్కూర్చున్నాడు.

"బావా, మీ బాబు పడిపోయినప్పుడు నువ్వు సూసినావేటి?"

"సూసినాను. నవ్వాపుకోనేక సచ్చినాను."

"నవ్వు సంగతి తరవాత. ఎలగ పడిపోయినాడు? గోతిలో సక్రం దిగినప్పుడేనా?"

సోములు చుట్ట వెలిగించకుండా ఆలోచించాడు. "కాదురా. గోతిలో బానే దిగింది. దాటేసినాది కూడాను. దాటినాక... ఆంబోతు కొమ్ములు ఎగరేస్తాది సూడు, అలగ. ముందుది పైకి లెగిసిపోనాది. హేండిలు ఆడి సేతిలో నేదు. ఆడు సీటు మీద నేడు."

ఆదాము లేచి వెళ్లి పురికొసకేసి చూశాడు. ఎంత కుంగిందో అది చెబుతుంది. ఎలా లేచిందో దానికేం తెలుసు? పదకొండేళ్లుగా తాను అడిగింది ఒకటే ప్రశ్న, విన్నది సగం జవాబు.

ఆ సాయంత్రం ఏసమ్మకి చెప్పాడు. ఆమె పొయ్యి ముందు కూర్చుని అంతా విన్నది.

"అయితే ఏటంతావు?"

"తోలి సూడాల. మరి దారి నేదు."

"ఎక్కితే ఉజ్జోగం పోతాది."

"ఎక్కపోయినా ఎల్లుండికి పోతాది."

"ఎక్కపోతే ఉజ్జోగమొక్కటే పోతాది. ఎక్కితే నీ ఈపు కూడా పోతాది" అన్నది. మూడేళ్ల క్రితం ఆమె తమ్ముడు సైకిలు దిగకుండా పెద్దింటి ముందు నుంచి వెళ్లాడని కొట్టారు. ఇప్పటికీ అతని ఎడమ చెయ్యి పైకి లేవదు. ఆదాము మోకాలు ఆడుతూనే ఉంది. ఆమె కాసేపు ఆ మోకాలుకేసే చూసింది. "నాను ఒద్దంటే మానేస్తావేటి? మానవు. కూడు తిను. నువ్వు పడిపోతే మాత్రం నాను ఏడవను, ముందే సెప్తన్నాను."

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి బజారు నిండుగా ఉంది. ఆదాము బండి స్టార్టు చేశాడు. ఎప్పటిలా గేరులో పెట్టి, క్లచ్చి పట్టుకుని, పక్కన నడుస్తూ రోడ్డు మీదకి తీసుకొచ్చాడు. మూర్తి తాయారు కొట్టు ముందు టీ తాగుతూ చూస్తున్నాడు. రోడ్డు మీదకి వచ్చిన బండి ఎప్పుడూ అక్కడ ఆగుతుంది, మూర్తి ఎక్కుతాడు. ఈసారి ఆగలేదు. ఆదాము కాలెత్తి అవతలికి వేశాడు.

"ఒరే! ఆదామూ! ఒరే!" మూర్తి చేతిలో టీ ఒలికిపోయింది.

మొదటి పది గజాలు బండి తాగినవాడిలా తూలింది, తర్వాత సైకిలు తొక్కిన అలవాటు ఆదుకుంది. సీటు మెత్తదనం అతనికి కొత్త. ఇన్నాళ్లు వేళ్లతో ఎరిగిన బండి కింద నుంచి ఒళ్లంతా పాకింది. బజారులో తలలు తిరిగాయి. ఎవడో "ఎవడిదిరా ఆ బండి? ఎవడురా ఎక్కినోడు?" అన్నాడు. కొత్తిమీర అమ్ముకునే అమ్మి ఒకతె గంప దించి మరీ చూసింది. ఆదాము ఎవరినీ చూడలేదు. చూస్తే దిగిపోతానని భయం.

సాలూరు రోడ్డు ఎక్కి, కలవట్టు వంతెన దాటి, వేగం పెంచాడు. మొదటి గొయ్యి. చక్రం దిగింది, మెత్తగా దిగింది. ఆ వెంటనే ముందు భాగం కింద నుంచి ఎవరో తన్నినట్టు లేచింది. హ్యాండిలు అటూ ఇటూ కొట్టుకుంది. అరచేతులు జారాయి. అది కుదురుకునేలోగానే రెండో గొయ్యి. ఈసారి సీటు మీద నుంచి లేచిపోయి, ట్యాంకు మీద పడి, ఎలాగో కాళ్లు కింద ఆనించి బండి ఆపాడు. వెనక్కి తిప్పి, మళ్లీ అదే గోతుల మీద తోలాడు. మళ్లీ అదే తన్ను.

రోడ్డు పక్కన బండి నిలబెట్టి నేల మీద చతికిలబడ్డాడు.

కిరసనాయిలు. మూర్తి ఎద్దుబండిలా తోలేవాడు కాబట్టి పురికొస దిగేది కాదు. అది దిగడం కోసం తాను నూనె పల్చన చేసేవాడు. లేచే స్ప్రింగుని పట్టి ఆపవలసింది ఆ నూనే. దాన్ని నీళ్లు చేశాక ఇంకేం ఆపుతుంది? మెల్లగా పోయేవాడికి పూలరథం, వేగంగా పోయేవాడికి ఆంబోతు. ఒక్క నరసింగరావు బండి కాదు. పదకొండేళ్లలో తన చేతి మీదుగా పోయిన ప్రతి బండీ. పోయినేడు రేంజరుగారు పడి జబ్బ విరగ్గొట్టుకుంటే, "రోడ్డు బాగునేదు బాబూ" అన్నాడు తాను. టీకాల ఆయన ముందుపన్ను విరిగితే కుక్క అడ్డొచ్చిందనుకున్నారు. ఈ రెండు ఫర్లాంగులు మొదటి వారంలోనే తోలనిచ్చి ఉంటే మొదటి వారంలోనే తెలిసేది. తప్పు తన చేతిదే. ఆ చేతికి గంతలు కట్టినవాళ్లు వేరే.

తిరిగి షెడ్డుకి వచ్చేసరికి మూర్తి గుమ్మంలోకి ఎదురొచ్చాడు. "లోపలికి తే, త్వరగా. ఎవరడిగినా నేనే ట్రయలు వేశానని చెప్తాను. నువ్వు నోరెత్తకు."

"బజారంతా సూసింది బాబూ."

"చూస్తే చూసింది! నేను కాదంటాను. నా మాట నమ్ముతారా, బజారు మాట నమ్ముతారా?"

ఆదాము పల్చటి నూనె అంతా వొంపేశాడు. కాళ్లు నొక్కి నొక్కి చివరి చుక్క దాకా తీశాడు. కిరసనాయిలు కలపని చిక్కటి నూనె గ్లాసు గీతకి సరిగ్గా అటూ ఇటూ పోశాడు. మధ్యాహ్నానికల్లా బిగించాడు. హ్యాండిలు నొక్కితే కాళ్లు కిందికి వెళ్లి, తొందర లేకుండా, మనిషి ఆలోచించి లేచినట్టు లేచాయి. పురికొస చుట్టలేదు. మూర్తి కాళ్లావేళ్లా పడ్డాడు, ఇక ఈవేళకి బండి తియ్యొద్దని. ఆదాము ఆగాడు.

మర్నాడు తొమ్మిదిన్నరకి మళ్లీ ఎక్కాడు.

అవే గోతులు. చక్రం దిగింది, లేచింది, నేలని వదలలేదు. మరింత వేగంగా తోలాడు. హ్యాండిలు రెండు వేళ్లతో పట్టుకున్నా నిలిచింది. ఆదాము గట్టిగా అరిచాడు, ఏమని అరిచాడో అతనికే తెలియదు. పొలంలో కలుపు తీస్తున్నవాళ్లు లేచి చూశారు. తిరిగి బజారులోంచి వచ్చి షెడ్డు ముందు ఆపేసరికి నరసింగరావు అక్కడ నిలబడి ఉన్నాడు. వెనకాల సోములు.

ఇంజిను ఆగింది. ఆదాము దిగాడు.

"తప్పు నాదే బాబూ" అన్నాడు ముందుగా అతనే. "ముందుకాల్ల నూనిలో కిరసనాయిలు కలిపినాను. పల్సనైపోయి, గోయి దాటగానే తన్నేస్తన్నాది. తోలితే గాని తెల్లేదు. ఇప్పుడు మార్సినాను. ఇంక ఇసరదు. మీరు పడిపోయింది నా వల్లే, నన్ను తిట్టండి."

నరసింగరావుకి నూనె వినిపించలేదు, కిరసనాయిలు వినిపించలేదు. "తోలినావా?" అన్నాడు. "దీన్ని ఎక్కినావా?"

"ఎక్కినాను బాబూ."

"మూర్తీ!"

"నేను చెప్తూనే ఉన్నాను బాబూ, వాడు..."

"పసుపునీల్లు తెప్పించు. ఈడి సేతే కడిగించు సీటు. నా కల్ల ముందు."

తాయారు కొట్టు లోంచి చెంబు వచ్చింది, పసుపు వచ్చింది. మూర్తి దాన్ని ఆదాము చేతికి ఇవ్వబోయాడు. ఆదాము చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. మోకాలు ఆడటం లేదు.

"గ్రీజంటితే కడుగుతాను బాబూ, మట్టంటితే కడుగుతాను. నాను కూకున్నానని కడగను."

చెంప పేలింది. ఆదాము చెయ్యి లేవలేదు, తలా దించలేదు. చుట్టూ చేరినవాళ్లలో ఒకడు "ఒగ్గేయండి బాబూ, బజారు" అన్నాడు. నరసింగరావు సోములుకేసి చూశాడు. సోములు చెంబు అందుకున్నాడు. ఎంత మెల్లగా కడిగాడంటే, ఆ సీటు మీద పసుపు చారలు చారలుగా నిలిచిపోయింది. ఆరనివ్వమని ఎవరూ అనలేదు. నరసింగరావు ఆ తడి సీటు మీదే కూర్చుని బండి ఉరికించాడు. సాయంత్రం కళ్లం దగ్గర దిగేసరికి తెల్ల పంచె వెనకాల పెళ్లికొడుకు పంచెలా పచ్చగా ఉందని సోములు తర్వాత పేటంతా చెప్పాడు. కూలి కోసం పట్టుబట్టి నిలబడ్డవాళ్లు ఆ పూట మొదటిసారి పడీపడీ నవ్వారట. బండి మాత్రం ఎక్కడా విసరలేదు.

ఆదాము ఉద్యోగం ఆ పూటే పోయింది. మూర్తి పనిముట్లు లెక్కచూసి ఉంచుకున్నాడు. "నీ గ్లాసు తీసుకుపో" అన్నాడు. అతను గ్లాసు తీసుకున్నాడు. పురికొస ఉండ షెడ్డు గోడకున్న మేకు మీదే వదిలేశాడు.

"ఏడవనన్నావు కదా" అన్నాడు ఇంటికెళ్లి, వాచిన చెంప మీద వేడి గుడ్డ కాపడం పెడుతున్న ఏసమ్మతో.

"ఏడుస్తన్నానేటి? పొగ" అన్నదామె. పొయ్యి అప్పటికి వెలిగించనే లేదు.

ఆ తర్వాత రెండు నెలలు అతను నడిచాడు. తన చేతి మీద బాగుపడ్డ బళ్లు ఎవరెవరివో గుర్తు చేసుకుని, ఆ ఊళ్లకి పోయి, "మీ బండి ముందుకాల్లలో నాను పల్సటి నూని పోసినాను, పెమాదం, మార్సాల. మార్సి నానే తోలి సూస్తాను" అని చెప్పాడు. కంట్రాక్టరు కుక్కని ఉసిగొల్పాడు. ఒక భూస్వామి మార్చనిచ్చాడు, తోలనివ్వనన్నాడు. "తోలకుండా మార్సను బాబూ" అని, విప్పిన మర మళ్లీ బిగించి ఆదాము వచ్చేశాడు. ఆ రాత్రి ఆ బండి ఏమవుతుందోనని అతనికి నిద్ర పట్టలేదు. తెల్లారి మళ్లీ వెళ్లి గుమ్మం బయట నిలబడి, "మెల్లగా తోలుకోండి బాబూ, గోతుల్లో అసలొద్దు" అని చెప్పి తిరిగొచ్చాడు. రేంజరు విరిగి అతికిన జబ్బ తడుముకుంటూ అంతా విన్నాడు. "అంటే నా చెయ్యి విరగ్గొట్టింది నువ్వన్నమాట!" అని తాళం విసిరాడు. "తోలు. ఈసారి నీ చెయ్యి విరగాలి." టీకాల ఆయన ఏమీ అడక్కుండానే దిగి బండి అప్పగించాడు.

పార్వతీపురం రోడ్డులో సైకిళ్ల పంక్చర్లు వేసే అసిరయ్య పాకలో ఓ మూల చోటు దొరికింది. అరువు స్పానర్లు, ఒక దుంగ, గ్లాసు. రేకుముక్క మీద సున్నంతో తానే రాశాడు: "ట్రయలు నేనే వేస్తాను." దారినపోయేవాళ్లు చదివి నవ్వేవాళ్లు. కొందరు చదివి వెనక్కి తిరిగేవాళ్లు. పని ఉండే రోజు ఉండేది, లేని రోజు లేదు. లేని రోజు ఆదాము పాక ముందు ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకి నడిచేవాడు. "కూకోరా బాబూ, నా తల తిరిగిపోతన్నాది" అనేవాడు అసిరయ్య.

కోతలు ముగిసి, మాఘమాసం వచ్చింది. ఒక పొద్దున్న రోడ్డు మీద సోములు కనిపించాడు. చెమటలు కక్కుతూ నరసింగరావు బండిని తోసుకొస్తున్నాడు. పాక ముందు ఆపి, స్టాండు వేసి, తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు.

"మల్ల పడిపోనాడు" అన్నాడు.

"ఎలగ? చిక్కటి నూని పోసినాను కదా!"

"మూర్తిగారు కొత్తోన్ని పెట్టినాడు. ఆడికి నీ పురికొస దొరికింది మేకు మీద. మూడు వేల్లు దిగాలంట, దిగనేదంట. కిరసనాయిలు కలిపినాడు."

ఆదాము తల పట్టుకున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తన తప్పుని కూడా తాను వదిలేసి వచ్చాడు, అది అక్కడ ఉద్యోగం చేస్తోంది. "రేపెల్లి ఆడికి సెప్పాల" అన్నాడు. తర్వాత బండికేసి చూశాడు. సీటు వెలిసిన గుడ్డలా ఉంది, పసుపు మరక ఇంకా పూర్తిగా పోలేదు. "మీ బాబు నా కాడికి పంపినాడా?"

"'బండి తీసుకెల్లి బాగుసేయించు' అన్నాడు. ఎక్కడికి బాబూ అన్నాను. మాటాడనేదు. మూర్తిగారి కాడికా అన్నాను. గుడ్లురిమినాడు. మరెక్కడికి అన్నాను. లోపలికెల్లి తలుపేసుకున్నాడు."

"ఈ రేకు మీద రాసింది తెల్సా ఆయనకి?"

"జిల్లాకే తెల్సు."

"ఎవుడు తోలాలో సెప్పనేదు కదా?"

"ఎవుడు తోలకూడదో కూడా సెప్పనేదు" అన్నాడు సోములు.

ఆదాము అప్పటికే దుంగ దొర్లించాడు. మరలు విప్పి, నూనె వొంపి, గ్లాసు గీతకి కొత్త నూనె పోసి, కాళ్లు నొక్కి సర్ది, ఇరుసు బిగించేసరికి ఎండెక్కింది. సోములు పాక నీడలో చుట్ట కాలుస్తూ చూస్తున్నాడు. ఈ బండిని అతను ఎన్ని మైళ్లు తోశాడో లెక్కలేదు. బురదలో, ఎండలో, ఎదురుగాలిలో.

ఆదాము కిక్కు కొట్టి, ఎక్కి, ఇంజిను రొద మీద నుంచి అరిచాడు:

"బావా, రా. ఎనక కూకో."

"నానా? ఒద్దురా. మల్ల పసుపునీల్లు నానే కదా తేవాల!"

"ఇద్దరికీ ఒక్క సెంబు సాలు. ఎక్కు. బరువుంటే ముందు కాల్లు ఎలగ లెగుస్తాయో సూడాల."

సోములు అటూ ఇటూ చూశాడు. రోడ్డు మీద ఒక ఎడ్లబండి, ఇద్దరు ఆడవాళ్లు, అసిరయ్య. చుట్ట పారేశాడు. ఎక్కడ పట్టుకోవాలో తెలియక ముందు సీటు పట్టుకున్నాడు, తర్వాత ఆదాము చొక్కా పట్టుకున్నాడు, ఆఖరికి అతని నడుం చుట్టూ రెండు చేతులూ వేసి కళ్లు మూసుకున్నాడు.

"గోతుల్లోకే తోల్తావేటి?"

"గోతుల్లోకే" అన్నాడు ఆదాము, గేరు వేస్తూ.